చవక మల్టీమీటర్ కొనేముందు: ఏ బ్యాటరీది, ఎన్నాళ్లొస్తుంది, అయిపోయేటప్పుడు ఏం చూపిస్తుంది

చవక డిజిటల్ మల్టీమీటర్లు పైకి చూస్తే అన్నీ ఒకటే. మధ్యలో తిప్పే నాబ్, పైన డిస్‌ప్లే, కింద ఎరుపు నలుపు ప్రోబులు. వెనక మూత తీస్తే గానీ అసలు తేడా బయటపడదు. లోపల 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఉందా, రెండు ట్రిపుల్ ఏ సెల్సా, రెండు డబుల్ ఏ సెల్సా, బటన్ సెల్లా, చార్జింగ్ బ్యాటరీయా అన్నదాన్ని బట్టి మీటర్ తీరే మారిపోతుంది.

కొనేవాళ్లు మామూలుగా అడిగేది ఒక్కటే: బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది? అడగాల్సిందే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. బ్యాటరీ నీరసించినప్పుడు ఈ మీటర్ నిజం చెబుతుందా, అబద్ధం చెబుతుందా? అబద్ధం చెప్పే మీటర్ కంటే ఆరిపోయిన మీటర్ నయం. ఎంపిక చేసేటప్పుడు గంటల లెక్కను రెండో స్థానంలో పెట్టమనడానికి కారణం ఇదే.

9 వోల్టుల డీటీ830 రకం

అందరికీ తెలిసిన చిన్న పసుపు మీటర్ ఇది. గరిష్ఠంగా 1999 వరకు అంకెలు చూపిస్తుంది, రేంజి మనమే నాబ్ తిప్పి పెట్టుకోవాలి. లోపల ఐసీఎల్7106 అనే పాత చిప్ డిజైన్, లేదా దాని నకలు, నల్లటి ఎపాక్సీ బొట్టు కింద దాగి ఉంటుంది. చాలా మోడళ్లలో బ్యాక్‌లైట్ ఉండదు. ఆటో పవర్ ఆఫ్ అసలే ఉండదు.

కరెంట్ వాడకం 1 నుంచి 2 మిల్లీఆంపులు. మధ్యస్థంగా 1.5 అనుకుందాం. మంచి ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ సామర్థ్యం సుమారు 550 ఎంఏహెచ్ (మిల్లీఆంపు గంటలు). భాగిస్తే 360 గంటల పైచిలుకు. రోజుకు పది నిమిషాలు వాడేవాళ్లకు ఈ లెక్క ప్రకారం ఆరేళ్లు రావాలి, అంటే వాడకంతో అయిపోయే లోపు వయసుతోనే పోతుంది. మీటర్‌తో పాటు పెట్టెలో ఇచ్చేది మాత్రం దాదాపు ఎప్పుడూ జింక్ కార్బన్ రకం. దాని సామర్థ్యం అందులో సగం, మహా అయితే మూడింట రెండొంతులు.

ఈ లెక్కంతా నాబ్‌ను ఆఫ్‌కి తిప్పేవాళ్లకే. మరిచిపోతే రోజుకు 36 ఎంఏహెచ్ పోతుంది. ఆల్కలైన్ అయితే పదిహేను రోజులు, పెట్టెలో వచ్చిన బ్యాటరీ అయితే వారం పది రోజులు, అంతే. ఈ రకం మీటర్ల బ్యాటరీలు కొలతల వల్ల అయిపోవు, మతిమరుపు వల్ల అయిపోతాయి.

ఇక అబద్ధం సంగతి. ఈ చిప్ బ్యాటరీ ప్లస్‌కీ కామ్ పిన్‌కీ (నల్ల ప్రోబ్ కలిసే చోటు) మధ్య సుమారు 2.8 వోల్టుల స్థిరమైన వోల్టేజిని తనే తయారు చేసుకుంటుంది. దాన్ని రెసిస్టర్లతో విభజించి 100 మిల్లీవోల్టుల రిఫరెన్స్‌గా, అంటే పోల్చి చూసే కొలబద్దగా, వాడుకుంటుంది. డిస్‌ప్లే మీద కనిపించేది ఆ రిఫరెన్స్‌కి మనం కొలిచే వోల్టేజి ఎన్ని రెట్లు అన్న నిష్పత్తి మాత్రమే. బ్యాటరీ 7 వోల్టుల చుట్టుపక్కలకు దిగేసరికి ఆ 2.8 వోల్టులు నిలబడవు, జారడం మొదలవుతుంది. రిఫరెన్స్ తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది. అంటే రీడింగ్ నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది.

రిఫరెన్స్ పది శాతం జారిందనుకోండి. 11.8 వోల్టులకు దిగి, చార్జింగ్ కోసం ఎదురుచూస్తున్న కారు బ్యాటరీ మీటర్ మీద 13.1గా కనిపిస్తుంది. బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది కదా అని స్టార్టర్ మోటార్ విప్పడం మొదలుపెడతారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెసిస్టెన్స్ రేంజిలో ఇదే మీటర్ లోపలి తెలిసిన రెసిస్టర్‌తో పోల్చి కొలుస్తుంది. అక్కడ రిఫరెన్స్ జారినా నిష్పత్తి పెద్దగా మారదు. కాబట్టి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి చూసి, సరిగ్గా 1000 చూపించింది గనక మీటర్ బాగుందని తీర్మానించకండి. వోల్టేజినే వోల్టేజితో పరీక్షించాలి. కొత్త డబుల్ ఏ ఆల్కలైన్ సెల్‌ను కొలవండి. 1.55 నుంచి 1.62 మధ్య రావాలి. 1.75 చూపిస్తే మీటర్ బ్యాటరీ మార్చాల్సిందే. ఈ పరీక్షకు లిథియం డబుల్ ఏ పనికిరాదు, కొత్తది నిజంగానే 1.8 వోల్టుల దాకా ఉంటుంది.

డిస్‌ప్లేలో బ్యాటరీ గుర్తు వెలగాలి కదా అంటారు. మంచి వాటిలో వెలుగుతుంది. మరీ చవక వాటిలో గుర్తు డిస్‌ప్లే గాజు మీద ఉన్నా, దాన్ని వెలిగించే భాగాలు బోర్డు మీద బిగించి ఉండవు. కొన్న రోజే తేల్చుకోవచ్చు. సర్దుబాటు చేసుకునే పవర్ సప్లై ఉంటే బ్యాటరీ క్లిప్‌కి 9 వోల్టులు ఇచ్చి, విడిగా ఉన్న ఒక కొత్త డబుల్ ఏ సెల్‌ను కొలుస్తూ సప్లైని మెల్లగా 6 దాకా దించండి. రీడింగ్ ఎక్కడ కదిలిందో, గుర్తు ఎక్కడ వెలిగిందో రాసుకోండి. గుర్తు ముందు వెలిగి రీడింగ్ తర్వాత కదిలితే ఆ మీటర్‌ను నమ్మొచ్చు. వరస తిరగబడితే బ్యాటరీ 7.5 వోల్టులకు దిగగానే మార్చేయడం పద్ధతిగా పెట్టుకోవాలి.

మీటర్ బ్యాటరీని అదే మీటర్‌తో కొలవాలని మాత్రం చూడకండి. నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్‌కి తగిలించగానే కామ్ పిన్ మైనస్‌కి అంటుకుపోయి, ఇందాక చెప్పిన స్థిరమైన వోల్టేజి చెదిరిపోతుంది. వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఇదే కారణంగా, ఈ మీటర్‌ను అడాప్టర్‌తో నడిపిస్తూ అదే అడాప్టర్ మీదున్న సర్క్యూట్‌ను కొలవకూడదు. మీటర్ కరెంట్‌కీ కొలిచే సర్క్యూట్‌కీ ఎక్కడా సంబంధం ఉండకూడదు.

రెండు ట్రిపుల్ ఏ సెల్స్ రకం

ఆనెంగ్ ఏఎన్8008 లాంటివి ఈ తరగతి. 6000 లేదా 9999 వరకు అంకెలు, ట్రూ ఆర్ఎంఎస్ (ఏసీ అల ఆకారం ఎలా ఉన్నా సరైన విలువ చూపడం), బ్యాక్‌లైట్, పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే తనంతట తను ఆగిపోయే ఏర్పాటు, ఇవన్నీ కొంచెం ఎక్కువ డబ్బుకు వస్తాయి.

ఆల్కలైన్ ట్రిపుల్ ఏ సామర్థ్యం 1000 నుంచి 1200 ఎంఏహెచ్. చదరపు బ్యాటరీకి రెట్టింపు కనిపిస్తోంది కదా అని మురిసిపోకండి. అక్కడ వోల్టేజి మూడు రెట్లు. శక్తి లెక్కన చూస్తే రెండు ట్రిపుల్ ఏలు కలిపి దాదాపు 3 వాట్ అవర్లు, ఒక చదరపు ఆల్కలైన్ 4.5 దాకా. అయినా మీటర్ తీసుకునేది దాదాపు అంతే మిల్లీఆంపులు కాబట్టి, గంటల్లో ట్రిపుల్ ఏదే పైచేయి. 2 మిల్లీఆంపులు తీసుకునే మీటర్‌కు 500 గంటల పైనే వస్తుంది. సెల్స్ ఎక్కడైనా దొరకడం, చదరపు బ్యాటరీ కంటే తక్కువ ఖర్చు కావడం అసలు లాభం.

బ్యాక్‌లైట్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది వెలిగితే అదనంగా పది మిల్లీఆంపులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. 500 గంటలు కాస్తా 80 గంటలకు పడిపోతుంది. లైట్ తనే ఆరిపోయే మీటరా, మళ్లీ నొక్కితే గానీ ఆరనిదా అన్నది కొనేముందు చూసుకోవాలి. చీకటి ప్యానెల్ బోర్డుల దగ్గర రోజంతా పనిచేసేవాళ్లకు తలకు కట్టుకునే టార్చి ఒకటి ఉంటే మీటర్ సెల్స్ ఆదా అవుతాయి, చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఈ రకంలో బ్యాటరీ గుర్తు మామూలుగా 2.4, 2.5 వోల్టుల దగ్గర వెలుగుతుంది. లోపల వేరే రిఫరెన్స్, వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉండటం వల్ల రీడింగ్ చెడకముందే హెచ్చరిక రావడం ఎక్కువ. ముందు బ్యాక్‌లైట్ మసకబారుతుంది, కంటిన్యుటీ బజర్ (వైరు తెగలేదని మోగి చెప్పేది) గొంతు సన్నబడుతుంది. అది కనిపిస్తే గుర్తు కోసం ఎదురుచూడక్కర్లేదు, సెల్స్ మార్చేయొచ్చు.

ఆటో పవర్ ఆఫ్ ఉంది గనక నాబ్ తిప్పక్కర్లేదనుకోవడం సగమే నిజం. తనంతట తను ఆగిన మీటర్ నిద్రపోతుంది, చచ్చిపోదు. నిద్రలో 10 మైక్రోఆంపులు తీసుకుంటే ఏడాదికి 8760 గంటలకు 88 ఎంఏహెచ్, పట్టించుకోనక్కర్లేదు. 100 మైక్రోఆంపులు తీసుకుంటే 876 ఎంఏహెచ్, అంటే ఏడాది తిరిగేసరికి సెల్స్ ఖాళీ. నాబ్‌లో ఆఫ్ స్థానం ఉంటే చాలా మీటర్లలో బ్యాటరీ పూర్తిగా తెగిపోతుంది. నాబ్ లేకుండా బటన్‌తో నడిచేవి, పెన్ను ఆకారంలో ఉండేవి ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి. వాటిని మూలన పడేసే పని ఉంటే సెల్స్ తీసేయాలి.

దీనికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది. బ్యాటరీ డిశ్చార్జి పరీక్ష లాంటివి గంటల తరబడి చూడాల్సి వస్తే, పదిహేను నిమిషాలకోసారి ఆరిపోయే మీటర్ విసిగిస్తుంది. చాలా మోడళ్లలో సెలెక్ట్ బటన్ నొక్కి పట్టుకుని నాబ్‌ను ఆఫ్ నుంచి తిప్పితే ఆటో ఆఫ్ పనిచేయదు, డిస్‌ప్లేలో ఏపీఓ గుర్తు మాయమవుతుంది. ఏ బటనో మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ఒకసారి ఆఫ్ చేస్తే మళ్లీ మామూలే.

డబుల్ ఏ, బటన్ సెల్, చార్జింగ్ రకాలు

డబుల్ ఏ సెల్స్ ఉన్న మీటర్ కాస్త బరువు, కాస్త లావు. సామర్థ్యం 2000 నుంచి 2800 ఎంఏహెచ్. ఒకే కంపెనీ లెక్కలు చూస్తే తేడా తెలుస్తుంది: ట్రిపుల్ ఏ వాడే ఫ్లూక్ 101కి కనీసం 200 గంటలని, డబుల్ ఏ వాడే ఫ్లూక్ 17బీ ప్లస్‌కి కనీసం 500 గంటలని కంపెనీ చెబుతుంది. అవి మరీ చవకవి కావు గానీ, పోలికకు పనికొస్తాయి. రోజూ ఆరేడు గంటలు మీటర్ చేతిలో ఉండేవాళ్లు ఆ లావును భరించడమే మంచిది.

సీఆర్2032 బటన్ సెల్ మీటర్లు జేబులో పట్టడానికి తప్ప దేనికీ ప్రత్యేకం కాదు. సామర్థ్యం 220 ఎంఏహెచ్ చుట్టుపక్కల. 12 వోల్టుల 23ఏ అనే చిన్న గొట్టం సెల్ వాడేవి ఇంకా అధ్వానం, అందులో ఉండేది 50 ఎంఏహెచ్ పైచిలుకు. ఒక్క రాత్రి ఆన్‌లో మరిచిపోతే సెల్‌లో మూడో వంతు పోవచ్చు.

రంగుల తెరతో, చార్జింగ్ పోర్టుతో వచ్చేవి చూడ్డానికి బాగుంటాయి. తెరే పదుల మిల్లీఆంపులు తాగుతుంది కాబట్టి వీటికి గంటల లెక్క వందల్లో ఉండదు. అరుదుగా వాడే మీటర్‌కు చార్జింగ్ బ్యాటరీ అస్సలు నప్పదు. కావలసిన రోజున అది ఖాళీగా దొరుకుతుంది, చార్జింగ్‌కి పెట్టి కూర్చోవాలి. చార్జింగ్ కేబుల్ గుచ్చి ఉండగా ప్రోబులతో ఏదీ కొలవకూడదు. కరెంటు లైన్ అయితే మరీ. కొలిచే వోల్టేజికీ ఆ కేబుల్‌కూ మధ్య అడ్డు ఉందో లేదో బయటికి తెలియదు.

ఏ సెల్ వేయాలి

సెల్ ఒంటి మీద ఉండే కోడ్ చదవడం వస్తే దుకాణంలో మోసపోరు. 6ఎఫ్22 అంటే జింక్ కార్బన్, 6ఎల్ఆర్61 అంటే ఆల్కలైన్. అలాగే ఆర్03, ఆర్6 జింక్ కార్బన్. ఎల్ఆర్03, ఎల్ఆర్6 ఆల్కలైన్. కోడ్‌లో ఎల్ అక్షరం ఉందా లేదా చూడండి, చాలు. రేపర్ మీద హెవీ డ్యూటీ అని ఎంత పెద్దగా ఉన్నా అది జింక్ కార్బనే.

రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులు. రెండు కలిస్తే 2.4. అంటే నిండుగా చార్జి చేసి పెట్టినా కాసేపటికే బ్యాటరీ గుర్తు వెలుగుతుంది, ఆ గుర్తుకు ఇక విలువ ఉండదు. చదరపు ఆకారంలో 7.2 వోల్టులవి, 8.4 వోల్టులవి లాంటి రకాలున్నాయి. డీటీ830 రకానికి 7.2ది వద్దే వద్దు, మొదలే ప్రమాదపు గీత మీద ఉంటుంది.

లోపల కన్వర్టర్ (వోల్టేజిని మార్చి స్థిరంగా ఉంచే సర్క్యూట్) పెట్టిన 1.5 వోల్టుల లిథియం అయాన్ సెల్స్, అలాంటివే 9 వోల్టులవి ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. చివరిదాకా వోల్టేజి తగ్గదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. రీడింగ్ అబద్ధం చెప్పదు, నిజమే, కానీ హెచ్చరిక కూడా రాదు. కన్వర్టర్ చేసే అలజడి మిల్లీవోల్టుల రేంజిలో చివరి అంకెలను ఆడిస్తుంది. మీటర్ ఆఫ్‌లో ఉన్నా కన్వర్టర్ తన వంతు తింటూనే ఉంటుంది.

ఏళ్ల తరబడి పెట్టెలో ఉండే మీటర్‌కు లిథియం ఐరన్ డైసల్ఫైడ్ ట్రిపుల్ ఏలు అన్నిటికంటే మంచివి. ఆల్కలైన్ లాగా కారవు, కదపకుండా ఉంచితే ఇరవై ఏళ్ల దాకా నిలుస్తాయి. ఖరీదెక్కువే, కానీ కారిన ఆల్కలైన్ ఒక స్ప్రింగును, ఒక రాగి దారిని తినేస్తే అయ్యే నష్టంతో పోల్చి చూడండి. ఇప్పటికే కారి ఉంటే, తెల్లటి పొడి ఆల్కలైన్‌దైతే క్షార గుణం కాబట్టి దూది పుల్లను వెనిగర్‌లో ముంచి తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్ బోర్డు మీద మిగిలిపోతే మైక్రోఆంపు కొలతలు ఆ తర్వాత ఎప్పటికీ నిలకడగా రావు.

మీ మీటర్ ఎంత తీసుకుంటోందో కొలవడం

స్పెసిఫికేషన్‌లో రాసిన గంటలు బ్యాక్‌లైట్ లేకుండా, ఆల్కలైన్‌తో వేసిన లెక్క. మీ చేతిలో ఉన్నదాని సంగతి తెలియాలంటే ఇంకో మీటర్ కావాలి. ముందు ప్రోబులు రెండూ పీకేయండి, తర్వాతే వెనక మూత.

చదరపు బ్యాటరీకి వైర్లు తెంపే పని లేదు. క్లిప్‌ను పక్కకు తిప్పి ఒక బొడిపె మాత్రమే కలిసేలా పెట్టండి. రెండో బొడిపెకీ, క్లిప్‌లో ఖాళీగా మిగిలిన కొసకీ మధ్య రెండో మీటర్‌ను 20 మిల్లీఆంపుల రేంజిలో కలపండి. ట్రిపుల్ ఏ అయితే సన్నటి అట్టముక్కకు రెండు వైపులా విడివిడిగా అల్యూమినియం ఫాయిల్ అతికించి, సెల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య దూర్చండి. ఒక్కో ఫాయిల్‌కి ఒక్కో ప్రోబ్. రెండు ఫాయిళ్లు అంచుల దగ్గర తగలకూడదు.

ఆన్ చేసి మూడు అంకెలు రాసుకోండి: మామూలుగా, బ్యాక్‌లైట్‌తో, బజర్ మోగుతుండగా. తర్వాత ఆటో ఆఫ్ అయ్యేదాకా ఆగి నిద్ర కరెంట్ చూడాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. చవక మీటర్‌లో 200 మైక్రోఆంపుల రేంజి అంటే లోపల సుమారు 1 కిలో ఓమ్. మేలుకుని ఉన్న మీటర్ 1.5 మిల్లీఆంపులు లాగితే అక్కడే 1.5 వోల్టులు పోతాయి, 3 వోల్టుల మీటర్ వెంటనే ఆరిపోతుంది. నిద్రపోయాక రేంజి మారుద్దామంటే, నాబ్ తిప్పే క్షణంలో సర్క్యూట్ తెగి మీటర్ మళ్లీ మేలుకుంటుంది. ఉపాయం ఏంటంటే, రెండు ప్రోబులకు అడ్డంగా ఒక వైరు ముక్క తగిలించి ఉంచండి, నాబ్ తిప్పాక, మీటర్ నిద్రలో ఉండగా ఆ ముక్క తీసేయండి.

చదరపు బ్యాటరీలో ఎంత మిగిలిందో ఊరికే వోల్టేజి చూస్తే తెలియదు. 470 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ అడ్డంగా పెట్టి పది సెకన్లు ఆగి కొలవండి. దాదాపు 19 మిల్లీఆంపుల భారం పడుతుంది. లోడు లేనప్పుడు 8.4 చూపించి లోడు పెట్టగానే 7 కిందకు జారితే దాన్ని మీటర్‌లో ఉంచకూడదు.

మరి ఎవరికి ఏది?

ఏడాదికి నాలుగైదుసార్లు తీసేవాళ్లకు: నాబ్‌లో ఆఫ్ ఉన్న, రెండు ట్రిపుల్ ఏల మీటర్, అందులో లిథియం సెల్స్. డీటీ830 కూడా సరిపోతుంది గానీ, దాని బ్యాటరీని విడిగా తీసి పెట్టెలో పడేయండి. చాలా మోడళ్లలో వెనక రెండు స్క్రూలు విప్పితే గానీ బ్యాటరీ చేతికి రాదు, నాలుగైదుసార్లకే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. స్క్రూ బిగించే ముందు వెనక్కి తిప్పి పాత మర మీద టక్కున కూర్చున్నాక బిగిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లకు రెండూ ఉంటే మేలు. ఒకటి వోల్టేజి, ఒకటి కరెంట్ ఒకేసారి చూడొచ్చు. గంటల తరబడి ఒక బ్యాటరీ మీద పెట్టి వదిలేసే పనికి ఆటో ఆఫ్ లేని డీటీ830 నిజానికి హాయి. బయట ఆరు డబుల్ ఏల హోల్డర్ తగిలిస్తే 1600 గంటల పైన, అంటే రెండు నెలలు దాటి నడుస్తుంది. అలా వైరు బయటికి తీసిన మీటర్‌ను చిన్న డీసీ వోల్టేజిలకే పరిమితం చేయండి, ఇన్సులేషన్ పోయినట్టే లెక్క. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే కొలిచే సర్క్యూట్‌కు మీటర్ కనబడే రెసిస్టెన్స్, చాలా మోడళ్లలో 1 మెగా ఓమ్, ట్రిపుల్ ఏ రకాల్లో 10 మెగా ఓమ్‌లు. ఎక్కువ విలువ రెసిస్టర్లున్న సర్క్యూట్‌లో రెండు మీటర్ల అంకెలు కలవకపోతే బ్యాటరీని తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

నాబ్ తిప్పడం ఎప్పుడూ మరిచిపోయేవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, ఆటో ఆఫ్ ఉన్నదే కొనాలి.

మెయిన్స్ మీద పనిచేసేవాళ్లు బ్యాటరీ సంగతి పక్కన పెట్టి ముందు ఫ్యూజు చూడాలి. చవక డీటీ830లో 10 ఆంపుల సాకెట్‌కి ఫ్యూజే ఉండదు, దాని పక్కనే ఆ మాట అచ్చేసి ఉంటుంది. మిల్లీఆంపు వైపున్నది చిన్న గాజు ఫ్యూజు. పెద్ద షార్ట్ సర్క్యూట్‌లో గాజు ఫ్యూజు పేలిపోతుందే తప్ప ఆర్క్‌ను (గాలిలోంచి దూకే విద్యుత్ మంటను) ఆపలేదు. ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజులు, క్యాట్ 3 రేటింగ్ (మెయిన్స్ లైన్ల మీద కొలవడానికి ఇచ్చే భద్రతా తరగతి) ఉన్న మీటర్, అదే రేటింగ్ ఉన్న ప్రోబులు తీసుకోండి. ఆ తరగతిలో దొరికేవి ఎక్కువగా ట్రిపుల్ ఏ, డబుల్ ఏ రకాలే కాబట్టి బ్యాటరీ ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. లైను ఆఫ్ అయిందో లేదో చూసే ముందు, తర్వాత, వోల్టేజి కచ్చితంగా ఉందని తెలిసిన ఇంకో చోట ప్రోబులు పెట్టి మీటర్ చూపిస్తోందో లేదో సరిచూడండి. సెల్స్ అయిపోయి తెర గడ్డకట్టినా, ప్రోబ్ వైరు లోపల తెగినా అక్కడే బయటపడుతుంది.